సంగారెడ్డి చలికి యాపిల్ కాస్తుందా..? 'అన్నా', 'హెచ్‌ఆర్‌ఎంఎన్-99' మొక్కలు కొనేముందు ఇది తెలుసుకోండి

సంగారెడ్డి: యాపిల్ అనగానే ఠక్కున గుర్తొచ్చేది కశ్మీర్, సిమ్లా. మంచు కొండలు, చెక్క పెట్టెలు, చలికి ఎర్రబడ్డ పండు. అదే పంటను జహీరాబాద్ ఎర్రనేలల్లోనో, పటాన్‌చెరు ఫ్యాక్టరీల పక్కన మిగిలిన ఎకరం చెలకలోనో పండించొచ్చని ఒకప్పుడు ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు అలా లేదు. ఫోన్ తెరిస్తే చాలు.. '45 డిగ్రీల ఎండలోనూ యాపిల్', 'ఎకరానికి లక్షల్లో లాభం' అంటూ వీడియోలు. నర్సరీల్లో కుండీ మొక్కకు కూడా రెండు కాయలు వేలాడుతుంటాయి. చూసినవాళ్లకు ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది?

మరి ఇందులో నిజమెంత? సూటిగా చెప్పాలంటే.. మొక్క బతుకుతుంది. కాయ కూడా కాస్తుంది. కానీ ఆ నాలుగు కాయలు తోటగా, ఆ తోట ఆదాయంగా మారడం దగ్గరే అసలు చిక్కు ఉంది. యాపిల్ మొక్క సరిగ్గా కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అంటే తప్పు నిర్ణయమని తెలిసేసరికి రైతు నాలుగేళ్ల పంట కోల్పోయి ఉంటాడు. అందుకే ఈ లెక్క ముందే చూసుకోవాలి.

'చలి గంటలు' అంటే ఏంటి?

యాపిల్ చెట్టు చలికాలం రాగానే ఆకులు రాల్చేసి నిద్రలోకి వెళ్తుంది. కొమ్మల మీద మొగ్గలు గట్టిగా మూసుకుంటాయి. మళ్లీ అవి మేల్కోవాలంటే తగినంత చలి తగలాలి. దీన్ని శాస్త్రవేత్తలు గంటల్లో కొలుస్తారు. సాధారణంగా 0 నుంచి 7 డిగ్రీల మధ్య ఎన్ని గంటలు గడిచాయన్నది లెక్క. మనం మార్కెట్‌లో కొనే రెడ్ డెలీషియస్ లాంటి రకాలకు ఇలాంటివి వెయ్యి గంటల పైనే కావాలి. సిమ్లా కొండల్లో ఒక్క శీతాకాలంలోనే అది సులువుగా పూర్తవుతుంది.

చలి చాలకపోతే చెట్టు చచ్చిపోదు. అయోమయంలో పడుతుంది. కొమ్మ చివర నాలుగు ఆకులు వస్తాయి, మధ్యలో అంతా బోడిగా ఉంటుంది. పూలు ఒక్కసారిగా రాకుండా రెండు నెలల పాటు ఒకటీ అరా పూస్తూ పోతాయి. వాటిలో పిందె నిలిచేది తక్కువ.

ఇప్పుడు సంగారెడ్డి సంగతికి వద్దాం. చలికాలంలో రాష్ట్రంలో తక్కువ ఉష్ణోగ్రతలు నమోదైన ప్రాంతాల జాబితా వస్తే, ఆసిఫాబాద్ జిల్లా ఊళ్లతో పాటు మన కోహీర్ పేరు కూడా తరచూ కనిపిస్తుంది. జహీరాబాద్, కోహీర్ వైపు భూమి సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. యాసంగిలో ఆలుగడ్డ అక్కడ బాగా రావడానికి ఆ చల్లదనమూ ఒక కారణమే. 'కోహీర్‌లో 6 డిగ్రీలు' అన్న వార్త చూసి, అయితే యాపిల్‌కు తిరుగులేదని అనుకునేవాళ్లు ఉన్నారు.

ఇక్కడే పప్పులో కాలేస్తారు. 6 డిగ్రీలు అనేది రాత్రంతా ఉండే చలి కాదు. తెల్లవారుజామున కాసేపు ఉండి, పొద్దెక్కగానే పోయేది. ఒక రాత్రి 7 డిగ్రీల లోపు నాలుగు గంటలు ఉందనుకుందాం. అలాంటి రాత్రులు సీజన్‌లో పది వచ్చాయనుకున్నా మొత్తం 40 గంటలే. పైగా మధ్యాహ్నానికి ఎండ 28, 30 డిగ్రీలకు చేరితే రాత్రి కూడగట్టుకున్న చలిలో కొంత కరిగిపోతుంది. పటాన్‌చెరు వైపు ఆ 40 గంటలు కూడా కష్టమే. ఇక్రిశాట్ క్యాంపస్ ఉన్న ఆ ప్రాంతంలో డిసెంబర్, జనవరి నెలల్లో కూడా రాత్రి సగటు ఉష్ణోగ్రత 13-15 డిగ్రీల దగ్గర ఉంటుంది. యాపిల్ దృష్టిలో అది చలే కాదు.

మరి ఆ రకాలు ఎలా కాస్తున్నాయి?

తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు కొన్ని ఉన్నాయి. మన దగ్గర నర్సరీల్లో వినిపించేవి ప్రధానంగా మూడు.

మొదటిది 'అన్నా'. పేరు చూసి మన అన్న అనుకోవద్దు.. ఇది ఇజ్రాయెల్ రకం. ఐన్ షెమెర్ అనే కిబ్బుట్జ్‌లో అబ్బా స్టైన్ అనే ఆయన 1950ల్లో గోల్డెన్ డెలీషియస్‌ను అక్కడి రెడ్ హదస్సియా రకంతో సంకరం చేసి దీన్ని తయారు చేశారు. 200-300 చలి గంటలు చాలు అంటారు. పండు కాస్త పొడుగ్గా, రెడ్ డెలీషియస్ ఆకారంలో ఉంటుంది. ఆకుపచ్చ కలిసిన పసుపు తొక్క మీద ఎండ తగిలిన వైపు ఎరుపు పూస్తుంది. చెట్టు నుంచి అప్పుడే కోసిన కాయ కరకరలాడుతూ తీపీ పులుపూ కలిసి చాలా బాగుంటుంది. లోపం ఒక్కటే, నిల్వ ఉండదు. బయట పెడితే కొద్దిరోజుల్లోనే మెత్తబడి, కొరికితే పిండి పిండిగా అయిపోతుంది.

అన్నా ఒక్కటే నాటినా కాపు సరిగా రాదు. దీనికి వేరే రకం పుప్పొడి కావాలి. ఆ పని చేసేది 'డోర్సెట్ గోల్డెన్'. ఇది బహమాస్ దీవుల్లోని నసావులో దొరికిన రకం. ఐరీన్ డోర్సెట్ అనే ఆవిడ పేరు మీద ఆ పేరు వచ్చింది. మంచు అన్నదే ఎరగని సముద్రతీరంలో పుట్టింది కాబట్టి దీనికి చలి అవసరం అన్నా కంటే కూడా తక్కువ. పండు పసుపు రంగు, తియ్యగా ఉంటుంది. అన్నా మొక్కల మధ్య ప్రతి ఏడెనిమిదింటికి ఒకటి చొప్పున దీన్ని పెట్టుకోవాలి. చాలామంది రైతులు ఈ విషయం తెలియక ఒకే రకం వంద మొక్కలు తెచ్చి నాటుతున్నారు. పూత వస్తుంది, పిందె నిలవదు. మందులు మార్చి మార్చి కొడతారు. రోగం మందుది కాదు, జోడీది.

మూడోది, ఇప్పుడు దేశమంతా మోగుతున్నది 'హెచ్‌ఆర్‌ఎంఎన్-99'. దీని వెనక శాస్త్రవేత్త లేడు, రైతే ఉన్నాడు. హిమాచల్‌ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామానికి చెందిన హరిమన్ శర్మ. ఇంట్లో తిన్న యాపిల్ గింజలు పెరట్లో పడేస్తే 1999లో ఒక మొక్క మొలిచింది. ఆ ఊరు 1,800 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. మామిడి పండే చోటు తప్ప యాపిల్ పండే చోటు కాదు. అయినా 2001లో అది కాయ పట్టింది. ఆయన దాని కొమ్మలు తీసి అంట్లు కట్టుకుంటూ పోయి చిన్న తోటే చేశారు. అహ్మదాబాద్ దగ్గరి నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ దీన్ని గుర్తించి పలు రాష్ట్రాలకు మొక్కలు పంపి పరీక్షించింది. 2025లో హరిమన్ శర్మకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఈ పండు పసుపు మీద ఎర్ర చారలతో ఉంటుంది, గుజ్జు మెత్తగా రసంతో ఉంటుంది. మైదానాల్లో జూన్‌లో కోతకు వస్తుంది. హిమాచల్, కశ్మీర్ కొత్త పంట అప్పటికి మార్కెట్‌కు పూర్తిగా దిగి ఉండదు. దీనికున్న అసలైన బలం అదే.

ఇంకో చిన్న మాట. సంతల్లో 'యాపిల్ రేగు', 'యాపిల్ బేర్' అని అమ్మేది యాపిల్ కాదు, పెద్ద సైజు రేగుపండు. అది మన ఎండకు బాగానే పండుతుంది. ఆ కాపు చూసి యాపిల్ గురించి అంచనాకు రావొద్దు.

ద్రాక్ష రైతుకు తెలిసిన కిటుకే

చలి 40 గంటలే ఉంటే 200 గంటలు అడిగే అన్నా ఎలా కాస్తుందన్న ప్రశ్న అలాగే ఉంది. సమాధానం ఇండోనేషియాలో ఉంది. జావా దీవిలోని మలంగ్, బాటు ప్రాంతాల్లో ఏళ్ల తరబడి యాపిల్ పండిస్తున్నారు. భూమధ్యరేఖకు అంత దగ్గర్లో శీతాకాలమే ఉండదు. అక్కడి రైతులు ఏం చేస్తారంటే.. కాయ కోసిన కొన్ని వారాలకు చెట్టు మీది ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢ నిద్రలోకి పోకముందే ఆకు పోవడంతో అది మళ్లీ చిగురించి పూస్తుంది. అలా ఏడాదికి రెండు పంటలు కూడా తీస్తారు. అంటే చెట్టును నిద్రపుచ్చి లేపడం కాదు, అసలు నిద్రపోనివ్వకపోవడం.

వినడానికి వింతగా ఉన్నా, హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష పండించిన పాత రైతులకు ఇది కొత్త కాదు. ద్రాక్ష కూడా చలి దేశపు తీగే. ఇక్కడ దానికి వేసవిలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరింపు చేసి, నీళ్లు ఆపి, మళ్లీ ఇచ్చి కాపు తెప్పించేవాళ్లు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు హైదరాబాద్ పేరు మోగింది ఆ కత్తెర పనితోనే. ఆ తోటలు ప్లాట్లయిపోయాయి గానీ, కత్తెర పట్టిన చేతులు ఊళ్లల్లో ఇంకా ఉన్నాయి. యాపిల్ పెట్టాలనుకునేవాళ్లు వీడియో కంటే ముందు వాళ్లను అడగడం మంచిది.

మన దగ్గర చేయాల్సింది ఇదీ. నవంబర్ నుంచి నీళ్లు తగ్గించాలి. డిసెంబర్ ఆఖరు వారంలో ఆకులు దూసేసి, కొమ్మలు కత్తిరించి, కోసిన చోట బోర్డో పేస్ట్ రాయాలి. తర్వాత ఎరువు వేసి నీళ్లు వదిలితే జనవరి, ఫిబ్రవరిలో పూత వస్తుంది. మే ఆఖరు, జూన్‌లో కాయ. మొగ్గలన్నీ ఒకేసారి పగలడానికి ద్రాక్షకు వాడే హైడ్రోజన్ సైనమైడ్ మందును యాపిల్‌కూ వాడతారు. అయితే ఇది ఒంటికి తగిలితే ప్రమాదకరం. పిచికారీ చేసిన మనిషి ముందూ వెనకా కొన్ని రోజులు మద్యం ముట్టకూడదు. ముడితే ప్రాణం మీదికి వస్తుంది. కూలీలకు ఈ మాట చెప్పకుండా మందు చేతికివ్వడం తప్పు.

ఆసిఫాబాద్‌లో అయింది కదా..?

అవును, అయింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరా రైతు కేంద్రే బాలాజీ తన పొలంలో హెచ్‌ఆర్‌ఎంఎన్-99 పండించి, 2020 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు ప్రగతి భవన్‌లో ఆ పండ్లు అందించారు. తెలంగాణ యాపిల్ అని అప్పట్లో పెద్ద వార్త. కానీ దాని వెనక హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటు, ఉద్యానశాఖ సాయం, ఆ రైతు ఏళ్ల తరబడి పడిన కష్టం ఉన్నాయి. కెరమెరి కొండల మధ్య చలి కూడా వేరు. సీసీఎంబీ వాళ్లే విశాఖ మన్యంలో లంబసింగి, చింతపల్లి వైపు కూడా యాపిల్ నాటించి చూశారు. అక్కడ ఎత్తు దాదాపు 1,000 మీటర్లు. ఈ రెండు చోట్లా కాసింది కాబట్టి ఇస్నాపూర్‌లోనూ కాస్తుందనుకోవడం, ఊటీలో క్యారెట్ పండింది కాబట్టి సదాశివపేటలో మే నెలలో కూడా పండాలనడం లాంటిదే.

ఆ 22 లక్షల లెక్క

వీడియోల్లో తరచూ వినిపించే లెక్క ఇలా ఉంటుంది. 12 అడుగులకో మొక్క పెడితే ఎకరానికి 300. చెట్టుకు 75 కిలోలు. కిలో 100 రూపాయలు. అన్నీ గుణిస్తే 22 లక్షల 50 వేలు. గుణకారంలో తప్పేమీ లేదు. తప్పంతా అంకెల్లో ఉంది.

75 కిలోలు అనేది ఆ రకం బాగా ఎదిగిన చెట్టుకు చెప్పిన సామర్థ్యం. ఇక్కడ నాలుగో ఏట వచ్చే కాపు కాదు. 300 మొక్కల్లో అన్నీ బతకవు, బతికినవన్నీ ఒకేలా పూయవు. ఇక రంగు. యాపిల్ తొక్క ఎర్రబడాలంటే కాయ ముదిరే సమయంలో రాత్రుళ్లు చల్లగా ఉండాలి. మనకు కాయ ముదిరేది ఏప్రిల్, మే నెలల్లో. పగలు 40, రాత్రి 26. ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? పచ్చిగా, పసుపుగా ఉన్న కాయను కిలో వందకు కొనే వ్యాపారి బాటసింగారం మార్కెట్‌లో దొరకడం కష్టం. వేడికి కాయలోని పులుపు కూడా తొందరగా తగ్గిపోతుంది, కండ మెత్తబడుతుంది. ఎండకు ఎదురుగా ఉన్న కాయల మీద గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఆ మచ్చ పడిందంటే పండు ధర పడిపోతుంది.

పైగా కోతులు. సంగారెడ్డి జిల్లాలో తోట పెట్టిన ఎవరిని అడిగినా చీడపీడల కంటే ముందు వాటి పేరే చెబుతారు. రామచిలుకలు సగం కొరికి వదిలేస్తాయి. వల కట్టాలి. ఆ ఖర్చు వీడియోలో ఉండదు.

నీళ్లు చూసుకోవాలి.. ముఖ్యంగా పటాన్‌చెరు వైపు

నేల విషయంలో జహీరాబాద్, కోహీర్ ఎర్రమట్టి మేలు. నీళ్లు నిలవవు, కాస్త ఆమ్ల గుణం ఉంటుంది. యాపిల్‌కు పీహెచ్ 5.5 నుంచి 6.8 మధ్య ఉంటే ఇష్టం. నల్లరేగడిలో వానాకాలం వేరు కుళ్లు ఖాయం. అలాంటి చోట ఎత్తు కట్టల మీద నాటడం తప్ప దారి లేదు.

అయితే పారిశ్రామిక ప్రాంతంలో నేల కంటే పెద్ద ప్రశ్న బోరు నీళ్లది. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులోకి చేరి, అక్కడి నుంచి మంజీరాలో కలవడం గురించి 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. శుద్ధి ప్లాంట్లు వచ్చాయి, పైపులైన్లు వచ్చాయి. కానీ భూమిలోకి ఇంకిన ఉప్పు అంత త్వరగా పోదు. వరి, గడ్డి కొంతవరకు తట్టుకుంటాయేమో గానీ, పండ్ల చెట్లలో ఉప్పుకు బాగా లొంగిపోయే వాటిలో యాపిల్ ఒకటి. నీటి ఈసీ 1 దాటిందంటే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగులోకి మారితే చాలామంది తెగులు అనుకుని మందు కొడతారు. తెగులు కాదు, నీళ్లలో ఉప్పు.

కాబట్టి మొక్కకు డబ్బు పెట్టేముందు ఒక లీటరు బోరు నీళ్లు, ఒక కిలో మట్టి తీసుకుని పరీక్ష చేయించుకోవాలి. మిగతా విషయాలకు సంగారెడ్డిలోని ఫల పరిశోధన స్థానం ఉంది, జహీరాబాద్ వైపు వాళ్లకు దిడిగి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వాటర్ రిపోర్ట్‌లో ఈసీతో పాటు క్లోరైడ్, సోడియం ఎంతున్నాయో కూడా చూడమని అడగాలి. ఫ్యాక్టరీలకు దగ్గర్లో బోరు ఉంటే భార లోహాల పరీక్ష కూడా. చెట్టు బతికినా ఆ పండు తినేది మనుషులే కదా.

అయినా పెట్టాలనుకుంటే..

ఎకరం కాదు, ముందు 20 మొక్కలు. అందులో అన్నా, హెచ్‌ఆర్‌ఎంఎన్-99 కలిపి, మూడు డోర్సెట్ గోల్డెన్ ఉండాలి. గింజ మొక్క తీసుకోవద్దు, యాపిల్ గింజ నుంచి తల్లి లక్షణాలు రావు. అంటు కట్టిన ముడి కాండం కింది భాగంలో స్పష్టంగా కనిపించాలి. అంటు ఏ వేరు మొక్క మీద కట్టారో అడగాలి. ఎండ, నీటి ఎద్దడి తట్టుకోవడానికి ఎంఎం-111 లాంటిది నయం. సమాధానం చెప్పలేని నర్సరీ దగ్గర కొనకపోవడమే మంచిది.

వేరు మట్టి లేకుండా వచ్చే మొక్కలైతే డిసెంబర్-ఫిబ్రవరి మధ్య, సంచి మొక్కలైతే తొలకరి తర్వాత నాటాలి. రెండడుగుల గుంత తీసి, బాగా మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపాలి. మన చెలకల్లో చెదలు ఎక్కువ, వేపపిండి మరిచిపోవద్దు. అంటు ముడి మట్టికి నాలుగు వేళ్ల పైనే ఉండాలి, కప్పేస్తే వేరు మొక్క లక్షణాలు పోతాయి. డ్రిప్ తప్పనిసరి. మొదటి రెండేళ్లు పూత వచ్చినా గిల్లేయాలి, ఇది మాత్రం ఎవరికీ మనసొప్పదు. వేసవికి ముందు కాండానికి సున్నం పూయాలి, పడమర వైపు అవిసె వరసో, మునగ వరసో ఉంటే సాయంత్రపు ఎండ కొంత ఆగుతుంది. వానల్లో ఆకుమచ్చ, కొమ్మల మీద తెల్లటి దూదిలా కనిపించే పేనుబంక.. ఈ రెంటినీ వారానికోసారి చూసుకోవాలి.

అదే పొలంలో పక్కన జామ పెట్టి పోల్చుకుంటే ఇంకా మంచిది. సంగారెడ్డి ఫల పరిశోధన స్థానం కోహీర్ జామను అలహాబాద్ సఫేదాతో కలిపి 'సఫేద్ జామ్', 'కోహీర్ సఫేదా' రకాలను ఎప్పుడో తయారు చేసింది. గింజ తక్కువ, కాయ పెద్దది. ఈ నేలలో పుట్టిన పండుకు చలి గంటల లెక్కతో పనిలేదు. యాపిల్ వరస, జామ వరస పక్కపక్కన ఉంటే మూడో ఏడు ఏది కూలీ ఖర్చు తెచ్చిందో పుస్తకంలో రాసి చూసుకోవచ్చు.

అమ్మకం దగ్గర ఒక్క అవకాశం మాత్రం నిజంగా ఉంది. నిల్వ ఉండని ఈ పండుకు దూరపు మార్కెట్ పనికిరాదు, దగ్గరి మార్కెట్ కావాలి. అది ఈ బెల్ట్‌లో కావల్సినంత ఉంది. పాశమైలారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు, రామచంద్రాపురం.. షిఫ్ట్ వదిలే వేళకు ముంబై హైవే పక్కన బండి పెడితే కొనేవాళ్లకు కొదవ లేదు. జూన్‌లో మామిడి చివరికి వస్తుంది, పాత యాపిల్ కోల్డ్ స్టోరేజీ నుంచి వస్తుంది. ఉదయం కోసిన పండు సాయంత్రానికి బండి మీదికి వస్తే రంగు తక్కువైనా రుచికి కొంటారు. 20 చెట్ల పంట అలా అమ్ముకోవచ్చు. 300 చెట్ల పంట ఆ వారంలోనే అమ్మాలంటే మాత్రం కోతకు ముందే పది మంది చిల్లర వ్యాపారులతో మాట్లాడుకుని ఉండాలి.